గుండీల డబ్బా

ఆ ల్యాబులో ఆవిణ్ణి అందరూ పొదుపు మేడం అనేవారు, ఆవిడకి వినపడకుండా. వినపడినా ఆవిడేమీ అనేది కాదు, పేరు అంత అతికినట్టుండేది మరి. రక్తం పీల్చి వదిలే పిపెట్ గొట్టం కొసన వేలాడే చుక్కని కూడా ట్యూబు గోడకి ఆనించి దింపించేది. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాక రక్తం మీద తేరుకునే పసుపురంగు ప్లాస్మాని ఎవరైనా బ్లీచు డబ్బాలో పోయబోతే మణికట్టు పట్టుకుని ఆపేసేది. “నీ అబ్బసొమ్మా అది? ఒక మనిషి చెయ్యి చాపి ఇస్తే వచ్చింది,” అనేది.

చదువు ముగించుకుని, మెడలో కొత్త గుర్తింపు కార్డు వేసుకుని, హెచ్ఐవిని లోకంలో లేకుండా చేసేద్దామని ఏటా ఇద్దరు ముగ్గురు పిల్లలు ఆవిడ దగ్గరికి శిక్షణకి వచ్చేవారు. వాళ్ళ గాలి తీయడం ఆవిడ మొదటి పని. ల్యాబులో అడుగు పెట్టనివ్వకుండా ముందు ఆస్పత్రి కింది అంతస్తులో, రోగులు కూర్చునే బెంచీ మీద వారం పాటు కూర్చోబెట్టేది. పక్కన కూర్చున్నవాళ్ళతో మాట్లాడాలి, నర్సు దగ్గర రక్తం తీయడం నేర్చుకోవాలి, మాత్రలు వేసుకునేవాళ్ళు వాటిని ఇంట్లో ఎక్కడ దాచుకుంటారో తెలుసుకోవాలి. రక్తం ఇచ్చిన మనిషిని చూడకుండా రక్తం ముట్టుకోకూడదు, అది ఆవిడ మొదటి నియమం. రెండో నియమం ఇంకా కష్టం. ఎవరి రక్తం విషయంలోనైనా పొరపాటు జరిగితే, చేసినవాళ్ళే ఆ మనిషి దగ్గరికి వెళ్ళి, మొహం చూసి చెప్పాలి. ఫోను పనికిరాదు, ఇంకొకరి చేత కబురు అసలే పనికిరాదు. ట్యూబు చెయ్యిజారి పగలగొట్టినవాడొకడు లారీ మెకానిక్ దగ్గరికి వెళ్ళి, “మీ రక్తం కింద పడిపోయిందండీ,” అని చెబితే ఆయన పగలబడి నవ్వాడట. వాడు ఏడుపుమొహంతో తిరిగొచ్చాడు. ఆ కథ చెప్పుకుని ల్యాబులో చాలాకాలం నవ్వుకున్నారు. అప్పటిదాకా ఆ నియమం వల్ల ఎవరికీ అంతకన్నా పెద్ద కష్టం రాలేదు.

బెంచీ మీద కూర్చుని వచ్చినవాళ్ళలో మేడంకి బాగా నచ్చింది రాకెట్టు. ఆ పేరు ల్యాబులో తోటిపిల్లలు పెట్టింది. మెట్లు రెండేసి ఎక్కుతుంది. మాట సగంలో ఉండగానే మిగతాది అర్థమైపోతుంది. ఇంకొకరు రోజంతా చేసే పని మధ్యాహ్నం భోజనానికి ముందే ముగించి చేతులు కడుక్కుంటుంది. మనిషి మాత్రం పిడికెడు. మొదటిరోజు ఇచ్చిన తెల్లకోటు చేతులు వేళ్ళు దాటి వేలాడుతుంటే, బెంచీ మీద పక్కన కూర్చున్న టైలరు చూసి ఉండబట్టలేకపోయాడు. “ఇలా ఇవ్వమ్మా, దీన్ని ఇలాగే వదిలేస్తే నా వృత్తికే అవమానం,” అని పట్టుకుపోయి, మర్నాడు కొలత పెట్టినట్టు సరిచేసి తెచ్చాడు. అప్పట్నుంచి ఆయన వచ్చాడంటే రాకెట్టు ఏ అంతస్తులో ఉన్నా దిగి వచ్చేది. ఆయన అమ్మాయ్ అంటే ఆమె బాబాయ్ అనేది. నర్సు వాళ్ళిద్దర్నీ చూసి, మీకు పోయిన జన్మలో చుట్టరికమేదో ఉండే ఉంటుందని ఏడిపించేది.

టైలరు ఒంట్లో ఆ వైరస్ ఏళ్ళుగా ఉంది. రోజూ మాత్ర వేసుకుంటూ నిక్షేపంలా ఉన్నాడు. మాత్రలు క్రమం తప్పనంత కాలం వైరస్ రక్తంలో కనపడదు, భార్యకి అంటుకుంటుందన్న భయమూ లేదు. మాత్రలు ఆపితే మాత్రం, ఎక్కడో కణాల్లో నక్కి ఉన్నది మళ్ళీ లేస్తుంది. అలా లేవకుండా చేసే మందొకటి పొదుపు మేడం ల్యాబులోనే పుట్టింది. అది పనిచేస్తుందో లేదో తేలాలంటే ఒకటే దారి. ఆ మందు తీసుకున్న మనిషి మాత్రలు ఆపాలి. వారం వారం రక్తం పరీక్షిస్తూ, వైరస్ తల ఎత్తగానే మాత్రలు మళ్ళీ మొదలుపెట్టించాలి. ఆపినన్నాళ్ళూ భార్యాభర్తలు జాగ్రత్తగా ఉండాలి. ఇవన్నీ డాక్టరు విడమరిచి చెప్పాడు. టైలరు ఒప్పుకున్నాడు, నా తర్వాత వచ్చేవాళ్ళకైనా ఈ మాత్రల బాధ తప్పితే చాలన్నాడు. ఆయన భార్య కొట్లో ఆయన పక్కనే కూర్చుని గుండీలకి కాజాలు కుట్టే మనిషి, మాట తక్కువ. ఆవిడ ఒకటే అడిగింది, వారం వారం చూస్తారు కదా అని. చూస్తానమ్మా అని పొదుపు మేడం మాటిచ్చింది.

టైలరు ఆ మందు తీసుకుని మాత్రలు ఆపిన కొత్తల్లోనే ఆస్పత్రిలో వైరస్‌ని లెక్కపెట్టే మిషను చెడిపోయింది. విడిభాగం ఎక్కణ్ణుంచో రావాలట. ఇవాళా రేపూ అంటూ వాళ్ళు సాగదీస్తుంటే, మన దగ్గర వైరస్‌ని పట్టే పీసీఆర్ మిషను ఉండగా ఇంకొకరి కాళ్ళు పట్టుకోవడం దేనికి మేడం, మనమే చూసుకుందాం అంది రాకెట్టు. ఫలితాల మీద మేడం సంతకం ఉంటే తనకి అభ్యంతరం లేదన్నాడు డాక్టరు. ఆ పిల్ల ప్రతి వారం టైలరు ప్లాస్మాలో వైరస్ కోసం వెతికింది. కనపడలేదు. మాత్రలు ఆపినవాళ్ళలో మామూలుగా వైరస్ లేచే గడువు వచ్చింది, దాటింది. అప్పుడూ కనపడలేదు. వైరస్ ఉంటే తెరమీద గీత పైకి లేవాలి. వారం తర్వాత వారం ఆ గీత పడుకునే ఉంది.

ల్యాబులో ఎవరి కాలూ నేలమీద నిలవలేదు. ఓడిపోయి ఓడిపోయి రాటుదేలిన పొదుపు మేడం కూడా ఇంట్లో ఒంటరిగా టీ కాచుకుంటూ తనలో తను నవ్వుకుంది. రాబోయే శాస్త్రవేత్తల పెద్ద సభలో ఈ సంగతి చెబుతానని పేరు కూడా ఇచ్చేసింది. ఫలితం ఎంత ముద్దొస్తే దాన్ని అంత అనుమానించాలని ఇన్నేళ్ళుగా పిల్లల చెవులు చిల్లులు పడేలా చెప్పిన మనిషి! తీరా తన దాకా వస్తే పసిపిల్లలా నమ్మేసింది.

ఇక రాకెట్టు నోరు ఆగుతుందా? ఫలితం డాక్టరే చెప్పాలన్నది పద్ధతి. కానీ ఒకరోజు కారిడార్లో టైలరు ఎదురుపడగానే ఆ పిల్ల, “బాబాయ్, వెతికినా దొరకడం లేదు మీలో!” అనేసింది. ఆయన గోడ పట్టుకుని నిలబడిపోయాడు. నిజమేనా అని రెండుసార్లు అడిగి, ఇంటికి వెళ్ళి మీ పిన్నికి చెప్పాలంటూ గబగబా వెళ్ళిపోయాడు. మేడం అక్కడే ఉంది. మందలించాల్సింది. ఆ మనిషి మొహంలో వెలుగు చూసి, పోనీలే అనుకుంది.

తర్వాత కొన్నాళ్ళకి ఒక ఉదయం మేడం ఏదో పనిమీద కింది అంతస్తుకి దిగింది. నర్సు అప్పుడే తీసిన రక్తం ట్యూబుల్ని స్టాండులో సర్దుతోంది. మోకాళ్ళ నొప్పుల గురించి ఇద్దరూ నాలుగు మాటలు అనుకున్నారు. ఆ మాటల మధ్యలో మేడం చూపు స్టాండు మీద పడింది. అన్నీ ఆకుపచ్చ మూతలే. ఊదారంగు మూతలవి ఏవని అడిగింది. అవి ఆస్పత్రి మిషనుకి పంపేవి కదా మేడం, అది మూలపడ్డప్పట్నుంచీ తీయడం లేదు, మీ ల్యాబుకి ఎప్పుడూ ఆకుపచ్చవేగా అంది నర్సు. ఆ మాటలో తప్పేమీ లేదు. బతికున్న కణాల మీద చేసే పనికి ఆకుపచ్చ మూతవే కావాలి, ఏళ్ళుగా అవే పైకి వెళ్తున్నాయి.

మేడం స్టాండులోంచి ఒక ట్యూబు తీసి మూత తిప్పి చూసింది. ఆకుపచ్చ మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ అనే మందు ఉంటుంది. కణాలకి దానివల్ల ఇబ్బంది లేదు. పీసీఆర్‌కి మాత్రం అది బద్ధశత్రువు, ఆ పరీక్షకి ఊదా మూత ట్యూబే కావాలి. హెపారిన్ కలిసిన ప్లాస్మాలో వైరస్ కుప్పలుతెప్పలుగా ఉన్నా మిషనుకి కనపడదు, లేదనే చెబుతుంది. ఈ సంగతి తెలియనివాళ్ళు ఆ ల్యాబులో లేరు. రాకెట్టుని నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. అయితే కణాలు తీసుకోగా మిగిలిన ప్లాస్మాని పారబోయకుండా బుల్లి సీసాల్లోకి మార్చి ఫ్రీజర్లో దాచడం అక్కడి అలవాటు. ఆస్పత్రి మిషనుకి పోగా మిగిలిన ఊదా ట్యూబుల్లోది, ఆకుపచ్చ ట్యూబుల్లోది, అన్నీ అలాంటి సీసాల్లోకే చేరతాయి. సీసాలోకి మారాక మూత రంగు ఎవరికి తెలుస్తుంది? రాకెట్టు ఊదావే అనుకుని అక్కణ్ణుంచే తీసుకుని పరీక్ష చేసింది. ఆ అలవాటు ఎవరు చేయించారో మేడంకి ఒకరు చెప్పక్కర్లేదు.

అంతటితో అయిపోలేదు. మిషను సరిగ్గా నడుస్తోందని తేల్చుకోడానికి వైరస్ ఉందని ముందే తెలిసిన చుక్క ఒకటి వేసి చూస్తారు. రాకెట్టు వేసింది, కానీ విడిగా, శుభ్రమైన నీళ్ళలో. అలాంటి చుక్కనే టైలరు ప్లాస్మాలో కూడా కలిపి చూసి ఉంటే బండారం మొదటి వారమే బయటపడేది. ఎందుకు చూడలేదో మేడం అడగకుండానే ఊహించుకోగలదు. ప్లాస్మా వృథా అవుతుందని.

పైకి వెళ్ళి రాకెట్టుని పిలిచింది. కోప్పడలేదు. టైలరు ప్లాస్మా ఒక సీసా తియ్యి, తెలిసిన వైరస్ అందులో కలిపి మిషన్లో పెట్టు అంది. “వృథా కదా మేడం?” అని నవ్వింది రాకెట్టు. మేడం నవ్వలేదు. పెట్టమంది.

మిషను నడిచినంతసేపూ ఇద్దరూ కుర్చీల్లో పక్కపక్కనే కూర్చున్నారు. శుభ్రమైన నీళ్ళలో వేసిన చుక్క తాలూకు గీత చక్కగా పైకి లేచింది. టైలరు ప్లాస్మాలో కలిపినది లేవలేదు. వైరస్ అందులో ఉంది, రాకెట్టు తన చేత్తోనే వేసింది. అయినా లేదంటోంది మిషను. ఆ పిల్ల మొదట మిషను వైపు అనుమానంగా చూసింది. తర్వాత చేతిలో ఉన్న సీసా వైపు, ఆ తర్వాత ఫ్రీజరు వైపు చూసింది.

“ఆకుపచ్చవా?” అంది రాకెట్టు.

మేడం తలూపింది. ఆ పిల్ల కుర్చీలోంచి జారి, అల్మారాకి ఆనుకుని నేలమీద కూలబడింది. టైలరు పొట్టి చేసి ఇచ్చిన కోటు చేతుల్లో మొహం దాచుకుంది.

మేడం సభవాళ్ళకి ఫోన్ చేసి తన పేరు తీసేయమంది. డాక్టరుకి ఫోన్ చేసి జరిగింది చెప్పింది. ఆయన నెమ్మదిగా ఒక దారి చూపించాడు. ఈవేళే మాత్రలు మొదలుపెట్టించేద్దాం, వైరస్ లేచిందని చెబుదాం, ఎప్పుడు లేచిందో ఎందుకు కనపడలేదో వాళ్ళకి అర్థమయ్యే సంగతి కాదు కదా, పైగా ఆ అమ్మాయి ఇప్పుడే కళ్ళు తెరుస్తోంది అన్నాడు. మేడం వెంటనే కాదనలేదు. ఉన్నమాట చెప్పుకోవాలంటే, ఆ మాట ఆవిడకి చల్లగా తగిలింది. ఇన్నేళ్ళకి చేతికి అందివచ్చిన పిల్ల. ఆలోచించి చెబుతానని ఫోన్ పెట్టేసి తల తిప్పేసరికి, రాకెట్టు మొహం కడుక్కుని, సంచీ తగిలించుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది.

“రెండో నియమం కదా మేడం,” అంది.

ఇద్దరూ బస్సెక్కారు.

టైలరు కొట్టు సందు మలుపులో ఉంది. ముందు భాగంలో కత్తిరించే బల్ల, కుట్టుమిషను, బడిపిల్లల యూనిఫారాల గుట్ట. వెనక గదిలో కాపురం. వీళ్ళని చూడగానే టైలరు మెడలో టేపు సవరించుకుంటూ లేచాడు. స్టూళ్ళు దులిపి వేశాడు, టీ తెప్పిస్తానన్నాడు. వద్దన్నా వినకుండా అరమీద నుంచి ఒక రేకుడబ్బా తీసి రాకెట్టు చెవి దగ్గర గలగలమని ఆడించాడు. “విన్నావా అమ్మాయ్? ఇన్నాళ్ళూ దీంట్లో మాత్రలు దాచేవాణ్ణి, కొట్టుకొచ్చేవాళ్ళ కంటపడకుండా. ఇప్పుడు గుండీల ఇల్లు గుండీలకే వచ్చేసింది. గుండీలు పోశాను,” అన్నాడు.

ఆయన తన ధోరణిలో తను చెప్పుకుపోతున్నాడు. యూనిఫారాలు ఆలస్యమయ్యాయి, బడివాళ్ళు తిట్టిపోస్తున్నారు, ఏం చెయ్యను, ఇంటావిడ మంచాన పడింది. విడవని జ్వరం, గుటక పడనంత గొంతునొప్పి, మెడ దగ్గర బిళ్ళ కట్టింది, ఒంటినిండా ఎర్రగా దద్దుర్లు. ఏదో మాయదారి జ్వరం, దానంతటదే తగ్గిపోయింది, నిన్నట్నుంచే మళ్ళీ సూది పట్టింది అన్నాడు.

మేడం స్టూలు అంచు గట్టిగా పట్టుకుంది. వైరస్ కొత్తగా ఒంట్లోకి వచ్చినప్పుడు ఏమేం కనపడతాయో బెంచీ మీద కూర్చోబెట్టిన ప్రతి పిల్ల చేతా వల్లె వేయించేది తనే. రాకెట్టు పెదవులు చప్పుడు లేకుండా కదులుతున్నాయి. జ్వరం, గొంతు, బిళ్ళలు, దద్దుర్లు. నేర్పినదంతా ఎంత బాగా నేర్చుకుందో మేడం అప్పుడు చూసింది, చూడకుండా ఉంటే బాగుండుననిపించింది.

రాకెట్టు చెప్పింది. నిలబడే చెప్పింది, టైలరు మొహం చూస్తూనే చెప్పింది. ట్యూబుల మూతల గురించి, సీసాల గురించి, తను కలపకుండా వదిలేసిన చుక్క గురించి. వైరస్ ఎప్పట్నుంచో లేచే ఉండొచ్చు, తనకే కనపడలేదు అంది. టైలరు సగం అర్థం చేసుకున్నాడు, మిగతా సగం ఆ పిల్ల కళ్ళు చూసి తెలుసుకున్నాడు. పైగా తనే ఓదార్చబోయాడు. అంతేగా, ఈ రాత్రి నుంచి మళ్ళీ మాత్ర వేసుకుంటాను, గుడ్డ తప్పు కత్తిరించనివాడు టైలరే కాడు, దీనికింత ఏడుపెందుకు అన్నాడు.

వెనక గదిలో కాజా కుడుతున్న చెయ్యి ఆగిపోయింది. టైలరు భార్య చేతిలో చొక్కా అలాగే పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

“వెతికినా దొరకడం లేదని నువ్వేగా చెప్పావమ్మా?” అంది.

“నేనే చెప్పాను పిన్నీ.”

“అదే నమ్మాం,” అంది ఆవిడ.

ఆ నమ్మకంతో ఏ జాగ్రత్త వదిలేశారో, ఆ జ్వరం ఏమిటో అక్కడున్న నలుగురికీ తెలిసిపోయింది. టైలరు మెడలోంచి టేపు లాగేసి, ఉండలా చుట్టి, బల్లమీద పెట్టి, కుట్టుమిషను ముందు కూర్చుండిపోయాడు. ఆయన కళ్ళు భార్య మెడ మీదే ఉన్నాయి.

మేడం లేచింది. ఆ లెక్కలమీద సంతకం నాదేనమ్మా, ఆ ప్లాస్మా దాయించిందీ నేనే, వారం వారం చూస్తానని నీకు మాటిచ్చిందీ నేనే అంది. ఆవిడ మేడం వైపు తిరగనైనా తిరగలేదు. ఇప్పుడు నన్నెక్కడికి రమ్మంటారు అని మాత్రం అడిగింది.

ఆస్పత్రిలో నర్సు సూది సిద్ధం చేస్తుంటే టైలరు భార్య చెయ్యి వెనక్కి లాక్కుంది. గది మూల నిలబడ్డ రాకెట్టుని పిలిచింది.

“నువ్వే తియ్యి,” అంది. “మూత చూసి తియ్యి.”

తిట్టినా బాగుండేది, కొట్టినా బాగుండేది. రాకెట్టు ట్యూబుని దీపం వైపు ఎత్తి, ఊదామూతని ఆవిడకి చూపించింది. ఆవిడ తలూపాకే సూది దించింది. ఎప్పుడూ తొందరే తప్ప నిదానం ఎరగని ఆ పిల్ల అంత నెమ్మదిగా పనిచేయడం మేడం ఎన్నడూ చూడలేదు. ట్యూబు నిండేదాకా ఆవిడ చూపు మూత మీంచి కదల్లేదు.

ఆస్పత్రి మిషను అప్పటికీ బాగుపడలేదు కాబట్టి, రక్తాన్ని ఇంకో ఆస్పత్రికి పంపారు. ఫలితం వచ్చింది. ఆవిడకి అంటుకుంది. డాక్టరు భార్యాభర్తలిద్దర్నీ కూర్చోబెట్టి, ఈ రోజుల్లో దీనితో నిండు నూరేళ్ళూ బతకొచ్చని, మాత్రలు వేసుకుంటే చాలని చెప్పాడు. అబద్ధమేమీ కాదు, టైలరే అందుకు సాక్ష్యం. కానీ ఆ మనిషి తల ఎత్తలేదు. తనవీ భార్యవీ మాత్రలైనా తీసుకోకుండా ఆవిడ వెనకే బయటికి వెళ్ళిపోయాడు.

పై అంతస్తులో రాకెట్టు మెడలోంచి కార్డు తీసి మేడం బల్లమీద పెట్టింది. నావల్ల కాదు మేడం, ఇంక ఎవరి రక్తమూ ముట్టుకోలేను అంది. మేడం దగ్గర ఇలాంటి సమయాల్లో చెప్పే మాటలు చాలా ఉండేవి. ఎంతమందికి చెప్పి నిలబెట్టిందో లెక్కలేదు. ఆవేళ వాటి జోలికి పోలేదు. కార్డు ముట్టుకోలేదు, వద్దనీ అనలేదు. టైలరుగారు వదిలేసి వెళ్ళిన మాత్రలున్నాయి, ముందు అవి ఇచ్చొద్దాం పద అంది.

కొట్టు తలుపు సగం వేసి ఉంది. టైలరు గోడవైపు తిరిగి పడుకున్నాడు, పిలిస్తే పలకలేదు. ఆయన భార్య దీపం వేసి, రెండు మాత్రల పొట్లాలూ అందుకుని బల్లమీద పక్కపక్కన పెట్టింది. అరమీద నుంచి రేకుడబ్బా దింపింది. మూత బిగుసుకుపోతే చీరకొంగుతో పట్టి తిప్పింది. గుండీలన్నీ బల్లమీద బోర్లించేసరికి కొన్ని దొర్లి కిందపడి మూలమూలలకీ పోయాయి. ఆవిడ వాటిని చూడలేదు. గుడ్డపీలికతో డబ్బా లోపల శుభ్రంగా తుడిచింది. రాకెట్టు మోకాళ్ళమీద కూర్చుని గుండీలు ఏరసాగింది.

ఆవిడ డబ్బా వైపు ఒకసారి, పొట్లాల వైపు ఒకసారి చూసింది.

“ఇద్దరివీ ఇందులో పడతాయా అమ్మాయ్?” అని అడిగింది.

అంతవరకూ ఆవిడ ఎప్పుడూ ఆ పిల్లని అలా పిలవలేదు. అది భర్త పిలుపు.

రాకెట్టు గుప్పిట్లో గుండీలతో తల ఎత్తింది. “పడతాయి పిన్నీ,” అంది.

పొదుపు మేడం కూడా నొప్పి మోకాళ్ళమీద మెల్లగా కిందికి దిగి, కుట్టుమిషను కిందికి దొర్లిన గుండీలు ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టింది.